మ్యాచింగ్ సెంటర్ వరలక్ష్మక్క

చివరి రోజు సాయంత్రం మా అక్క వరలక్ష్మమ్మ చేసింది ఆమె రోజూ చేసే పనే. గార్లదిన్నె నుంచి వచ్చిన ఒక పెద్దామె చీరను ముంజేతి మీద, నాలుగైదు రవిక గుడ్డలను భుజం మీద వేసుకొని, రంగు చూడటానికి అంగడి మెట్లు దిగి వీధిలోకి వచ్చింది. అప్పటికే పొద్దు కోటకొండ వెనక్కి వాలింది. వీధి సగం నీడలో ఉంది. అక్క ఎండ మిగిలిన చోటు వెతుక్కుంటూ ఎదురుగా ఉన్న ఎరువుల అంగడి దాకా నడిచింది. ఆమె చేరేలోపే అక్కడి గోడ మీది ఎండ కూడా పైకి పోయింది.

"ఎండ పాయె. రేపు రామ్మా" అంది.

"ఇన్ని లైట్లు పెట్టుకోనుండావు. వాటి కింద చూడగూడదా?" అంది పెద్దామె.

"లైటు కింద చూసిన రవిక లైటు కిందే ఏసుకోవాల. నీ మనవరాలి పెండ్లి పొద్దున పూట కదా."

"రేపు మల్ల బస్సెక్కల్ల నేను."

"ఆడోళ్లకు బస్సు ఊరికే కదమ్మా ఇప్పుడు. కిటికీ పక్కన కూర్చోని గాలి పోసుకుంటా రా."

పెద్దామె నవ్వి, చీర మడిచి సంచిలో పెట్టుకొని వెళ్లింది. అక్క గుడ్డలు ఎక్కడివక్కడ సర్దించి, షట్టరు వేయించి ఇంటికి పోయింది. ఇదంతా తిప్పమ్మ చెప్పింది. అంగడి అరుగు మీద కుట్టుమిషను పెట్టుకొని చీరలకు ఫాల్ కుట్టడం తిప్పమ్మ పని. మరుసటి ఉదయం అక్క లేవలేదు. నిద్రలోనే పోయింది. గుండె అన్నారు. పెద్దామె చెప్పిన ప్రకారం వచ్చిందట. షట్టరు వేసి ఉండటం చూసి, పక్క అంగడిలో అడిగి సంగతి తెలుసుకొని, కాసేపు మెట్ల మీద కూర్చుని వెళ్లిపోయిందట.

అక్కకు రెండు కళ్లలోనూ పొర వచ్చింది. కుడి కంటికి ఆపరేషన్ చేయించుకుంది. ఎడమ కంటికి చేయించుకోలేదు. చివరి రెండేళ్లూ ఆ ఇంట్లో జరిగిన గొడవంతా ఎడమ కన్ను గురించే. ఆలస్యమైతే పొర ముదిరి రాయి అవుతుందని, అప్పుడు ఆపరేషన్ చేసినా చూపు దక్కకపోవచ్చని డాక్టరు చెప్పాడు. కొడుకు భరత్‌కుమార్ బతిమాలాడు, కోప్పడ్డాడు, చివరికి అనంతపురంలో ఉన్న నన్ను మధ్యకు పిలిచాడు. ఆమె ఒప్పుకోలేదు. ఆ మొండితనం అర్థం కావాలంటే ఆమె చేసే పని తెలియాలి. పని గురించి చెప్పాలంటే అంగడి బోర్డు మీది మాటతో మొదలుపెట్టాలి.

గుత్తి బస్టాండు నుంచి కోట వైపు పోయే వీధిలో ఉంది అంగడి. బోర్డు మీద ఒకప్పుడు పైన దేవుడి పేరు ఉండేది. ఎండకు పెచ్చులు లేచి అది రాలిపోయింది. కింద రెండు మాటలు మిగిలాయి, మ్యాచింగ్ సెంటర్ అని. మన ఊళ్లలో ఈ పేరుకు అర్థం చెప్పనక్కర్లేదు. ఆడవాళ్లు చీర పట్టుకొని వస్తారు, దానికి కలిసే రవిక గుడ్డ, లైనింగు, ఫాల్ కొనుక్కొని పోతారు. మ్యాచింగ్ అంటే అదే. ఇంగ్లండులో ఎవరినైనా మ్యాచింగ్ సెంటర్ ఎక్కడ అని అడిగితే మాత్రం ఏ ఆటస్థలానికో దారి చూపిస్తారు.

మ్యాచ్ అనే ఆ మాట అక్క జీవితంలోకి అంగడి కంటే చాలా ముందే వచ్చింది.

మా నాయన కేశవులు శెట్టి అగ్గిపెట్టెల హోల్‌సేల్ వ్యాపారి. తమిళదేశం నుంచి రైల్లో వచ్చే చెక్కపెట్టెల మీద ఇంగ్లీషులో మ్యాచెస్ అని నల్ల అక్షరాలు ఉండేవి. అక్క కూడబలుక్కొని చదివిన మొదటి ఇంగ్లీషు మాట అదే. తేమ తగిలితే చెడిపోయే సరుకు అది. గుత్తిలో ఆ భయం లేదు. "దేవుడు మనకు వాన ఇయ్యకున్నా అగ్గిపెట్టెల యాపారం ఇచ్చినాడు" అనేవాడు నాయన. మంచి కంపెనీ పెట్టెలకు అచ్చుగుద్దినట్టు నకిలీ పెట్టెలు కూడా వచ్చేవి. వాటి లేబుల్ మీది ఎరుపు ఒక ఇసుమంత తక్కువగా ఉండేది. ఆ తేడా నాయనకు కనిపించేది కాదు. అక్క పెట్టెను వాకిట్లోకి తీసుకుపోయి, ఎండలో ఇటూ అటూ తిప్పి, ఇది కాదు నాయనా అని పక్కన పెట్టేది. అప్పటికి ఆమె ఇంకా పావడా కట్టే పిల్ల.

తర్వాత ఆ మాట పెళ్లి సంబంధం రూపంలో వచ్చింది. తాడిపత్రి నుంచి వచ్చిన పెళ్లిళ్ల పేరయ్య బెంగళూరు గాలి తగిలిన మనిషి. నడమింట్లో కూర్చుని, "శెట్టీ, ఫస్ట్ క్లాస్ మ్యాచ్ తెచ్చినా" అన్నాడు. నాయన, "మా ఇంట్లో మ్యాచులు గోడౌను నిండా ఉండాయి, పిల్లోని సంగతి చెప్పప్పా" అన్నాడు. పిల్లవాడు మల్లికార్జున. గుత్తిలోనే గుడ్డల అంగడి. గోత్రాలు కుదిరాయి, జాతకాలు కుదిరాయి. పెళ్లయింది.

మా బావ మంచి మనిషి. వ్యాపారి మాత్రం కాదు. ఆయనకు క్రికెట్ మ్యాచ్ పిచ్చి. అంగడిలో టీవీ పెట్టాడు. మ్యాచ్ ఉన్న రోజు వీధిలోని మగవాళ్లందరూ అక్కడే ఉండేవారు. ఒక్కడూ గజం గుడ్డ కొనడు. సాయంత్రానికి ఆడవాళ్లు మొగుళ్లను వెతుక్కుంటూ వచ్చి, మెట్ల మీద నిలబడి తిట్లు మొదలుపెట్టేవాళ్లు. అక్క వాళ్లను లోపలికి పిలిచి, "ఇంగ నాలుగు ఓవర్లు ఉండాయంట, అంతసేపు నిలబడి ఏం చేస్తారు, ఈ రవిక గుడ్డలు చూడండి" అని బల్ల మీద పరిచేది. ఏ చీరకు ఏది కలుస్తుందో చెప్పేది. మరుసటి రోజు వాళ్లు చీరలు పట్టుకొని వచ్చేవారు. మ్యాచ్ లేని రోజు కూడా రావడం మొదలుపెట్టారు. ఏడాది తిరిగేసరికి బావ పంచెల, తువ్వాళ్ల అరలు ఖాళీ చేసి అక్కకు ఇచ్చేశాడు. బోర్డు రాయించింది కూడా ఆయనే. "నువ్వు ఆడితేనే గెలిచేటట్టుండాదే" అన్నాడట. ఆయన పోయి చాలా ఏళ్లయింది.

ఇక ఆమె పని. రవిక గుడ్డ చీరకు కలపడం తేలికే అనుకుంటాం. ధర్మవరం పట్టుచీర చేతిలో పెట్టుకుంటే తెలుస్తుంది కష్టం. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు. ఇటు నుంచి చూస్తే నెమలి మెడ, అటు నుంచి చూస్తే కుంకుమ. దీనికి ఏ రంగు రవిక కలవాలి? అక్క చీరను పరిచి చూసేది కాదు. నలిపి చూసేది. "ఒంటి మీద చీర బల్ల మీద పరిచినట్టు ఉండదు" అనేది. నలిపిన మడతలోకి గుడ్డను దూర్చి, ఎండలోకి తీసుకుపోయి, చేయి చాచి దూరంగా పెట్టి చూసేది. లైటు కింద ఎప్పుడూ చూడలేదు. దీపాలు పెట్టాక ఎవరొచ్చినా ఫాల్ అమ్మేది, లైనింగు అమ్మేది, రంగు మాత్రం చెప్పేది కాదు. ఈ సీమలో ఏం తక్కువైనా ఎండకు కొదవ లేదు కాబట్టి ఆ పద్ధతి చెల్లింది. పామిడి, గుంతకల్లు, పత్తికొండ నుంచి కూడా ఆమె దగ్గరికి వచ్చేవారు. వరలక్ష్మక్క ఔనంటే ఔను.

నేను అనంతపురంలో ఒక కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. ఒక ఆదివారం అంగడిలో స్టూలు మీద కూర్చుని ఉండగా అక్క అడిగింది.

"ఏమ్రా, నువ్వు ఇంగ్లీషు సారువి కదా. నాయన పెట్టెల మీదా మ్యాచే, నా పెండ్లీ మ్యాచే, మీ బావ చూసేదీ మ్యాచే, నేను అమ్మేదీ మ్యాచే. తెల్లోళ్లకు మాటలకు కరువొచ్చిందా?"

"కరువు కాదక్కా. అవి రెండు వేరే వేరే మాటలు. నడస్తా నడస్తా ఒకే రూపానికొచ్చినాయి" అన్నాను.

అగ్గిపుల్ల మ్యాచ్ ఫ్రెంచి నుంచి వచ్చింది. అక్కడ దానికి దీపపు వత్తి అని అర్థం. గుత్తి కోట మీద ఫిరంగులు పేల్చిన కాలంలో, వాటికి నిప్పంటించే వత్తితాడును కూడా ఇంగ్లీషువాళ్లు ఆ పేరుతోనే పిలిచేవారు. ఇంకా వెనక్కి పోతే గ్రీకు మాట ఒకటి కనిపిస్తుందని కొందరు పండితులు అంటారు. దానికి దీపం మూతి అని ఒక అర్థం. అసలు మొదటి అర్థం చీమిడి. దీపపు మూతిని ముక్కులాగా, అందులోంచి వేలాడే వత్తిని దాంట్లోంచి కారేదానిలాగా ఊహించుకున్నారట.

"థూ!" అంది అక్క. "నాయన ఇన్నేండ్లు చీమిడి అమ్మినాడా?"

అరుగు మీద తిప్పమ్మ మిషను ఆపి నవ్వింది.

"రెండోది?" అంది అక్క.

రెండోది ఇంగ్లండువాళ్ల సొంత మాట, పాతది. జతగాడు, సరిజోడు అని దాని అర్థం. మొగుడికి పెళ్లాం, పెళ్లానికి మొగుడు. పక్షుల్లో ఆడదానికి మగది. దాన్నుంచే పెళ్లి సంబంధం. జోడు అంటే సమానం కాబట్టి, సమానమైన ఇద్దరు తలపడితే అది పోటీ, అంటే బావ చూసే మ్యాచ్. అన్నిటికంటే తర్వాత, ఒక వస్తువుకు ఇంకో వస్తువు సరిపోవడం.

"మొదట మనుషులకా, గుడ్డలకా?"

"మొదట మనుషులకే. గుడ్డలు తర్వాత."

అక్క చేతిలో గుడ్డ మడుస్తూ ఆలోచించింది. "అంటే నాయన అంగడికీ నా అంగడికీ చుట్టరికమే లేదన్నమాట. ఇంటిపేరు ఒకటే, గోత్రాలు వేరు" అంది. మా వైశ్యుల్లో గోత్రం అడగకుండా సంబంధం మాట్లాడరు. "మంచిదేలే. పిల్లనిచ్చుకోవచ్చు."

ఆ తర్వాత ఆ మాట ఎక్కడ వినిపించినా ఆమె నాకు ఫోన్ చేసి చెప్పేది. ఆస్పత్రిలో ఎవరికో రక్తం మ్యాచ్ కాలేదట, ఇది ఏ గోత్రంరా? బ్యాంకులో ఆమె వేలు మిషను మీద పెడితే వేలిముద్ర మ్యాచ్ కాలేదంది. ఏళ్ల తరబడి గుడ్డ నిమిరి నిమిరి వేళ్ల గీతలు అరిగిపోయాయి. "ఊరికంతా మ్యాచింగ్ చేసినదాన్ని, నాకు నేనే మ్యాచ్ కాలేదంటాది ఆ ముండ మిషను" అని బ్యాంకులో గట్టిగా అంటే, లైన్లో ఉన్నవాళ్లంతా నవ్వారట.

తప్పు జరిగింది హేమావతి కూతురి పెళ్లికి. హేమావతి గుత్తిలోనే టీచరు, అక్కకు పాత ఖాతాదారు. కూతురు సుష్మిత పెళ్లికి మీగడ రంగు పట్టుచీర తీసుకున్నారు. ఎర్రంచు. చీరతో వచ్చిన రవిక గుడ్డ చాలదని, వేరే గుడ్డ కోసం అక్క దగ్గరికి వచ్చారు. అక్క ఎప్పటిలాగే నలిపి, ఎండలోకి పోయి, చేయి చాచి చూసి ఇచ్చింది. ఆమె ఔనన్న దాన్ని హేమావతి ఇంకొకసారి చూడలేదు. ఎవరూ చూడరు. గుడ్డను బట్టల సంచిలో పెట్టి దర్జీకి పంపారు. దర్జీ కూడా మ్యాచింగ్ సెంటర్ గుడ్డ అంటే ప్రశ్నించడు. పెళ్లి అయ్యాక హేమావతి ఫోను పట్టుకొని అంగడికి వచ్చింది.

"అక్కా, ఈ ఫొటోలు చూడు."

"ఏముండాది? పాప బాగుండాది."

"పాప బాగుంటే చాల్నా? రవిక చూడు. తెల్లగా ఎట్ల కొడతాందో. మా వియ్యపురాలు ఏమనిందో తెలుసునా? 'పెండ్లికూతురు చీర కట్టుకోని పైన డాక్టరమ్మ కోటు ఏసుకున్నెట్లుండాది' అనింది. మండపంలో అందరి ముందరా."

"ఫొటోల్లో అట్ల పడతాది హేమా. ఆ లైట్లు అసుంటివి."

"అట్లంటావనే తెచ్చినా" అని హేమావతి సంచిలోంచి చీర, రవిక తీసి బల్ల మీద పెట్టింది.

అక్క వాటిని తీసుకొని మెట్లు దిగింది. ఎండలో పెట్టింది. నలిపింది, దూరంగా పెట్టింది, దగ్గరగా పెట్టింది. "రెండూ ఒకటే కదమ్మా" అంది.

కోపంతో వచ్చిన హేమావతి అక్క ముఖం చూసి ఆగిపోయింది. అక్క తిప్పమ్మ వైపు తిరిగింది.

"ఏమే తిప్పీ, ఒకటి కాదా?"

తిప్పమ్మ మిషను మీద నుంచి లేవకుండానే చూసింది. ఆమెకూ అరవై దాటాయి, ఆ వయసు కళ్లే. "నాకూ ఒకటే మాదిరి ఉండాది గానీ..." అని హేమావతిని చూసి, "ఆయమ్మ కాదంటే కాదేమో" అంది.

కొత్తగా పనిలో చేరిన చాందిని అనే అమ్మాయి అరల మధ్య నిలబడి ఉంది. అక్క ఆమెను పిలిచి అడిగింది. చాందిని మెల్లగా, "అది తెలుపు పెద్దమ్మా. చీర తెలుపు కాదు" అంది.

ఆ రోజు నుంచి కొన్నాళ్లు అక్క రంగు చెప్పడం మానేసింది. గల్లాపెట్టె దగ్గర కూర్చునేది. ఎవరైనా చీర చాపితే చాందిని వైపు చూపించేది. వచ్చినవాళ్లు ఆగేవారు కాదు. వరలక్ష్మక్క చూడని దానికి ఇంత దూరం ఎందుకు, తాడిపత్రిలోనే తీసుకునేవాళ్లం కదా అని వెళ్లిపోయేవారు. భరత్‌కుమార్ ఆమెను అనంతపురం కంటి ఆస్పత్రికి తీసుకొచ్చాడు. రెండు కళ్లలోనూ పొర. వయసు మీద పడితే కంటిలోని అద్దం పసుపెక్కుతుందని, అందుకే తెలుపు మీగడలాగా, ఊదా నల్లనీలంలాగా కనిపిస్తాయని డాక్టరు చెప్పాడు. ముందు కుడి కన్ను చేశారు.

కట్టు విప్పి, నల్ల కళ్లద్దాల గడువు తీరాక ఆమె మొదట చేసిన పని అరలన్నీ కింద పోయించడం. నీలం అరలో సగం ఊదా గుడ్డలు బయటపడ్డాయి.

"ఇవి ఈడికెట్ల వచ్చినాయి? ఎవురు పెట్టినారు?"

"నువ్వే పెద్దమ్మా" అంది చాందిని.

"నేనేనా?" అని ఒక ఊదా గుడ్డను నీలం గుడ్డ పక్కన పెట్టి చూసింది. తర్వాత నవ్వింది. "ఊరంతా నా మీద నమ్మకంతో ఎన్ని రంగులు తొడుక్కోని తిరిగినారో పాపం."

హేమావతికి కొత్త గుడ్డ తీసి, తనే దర్జీతో కుట్టించి, ఇంటికి పట్టుకుపోయి ఇచ్చింది. పెళ్లి అయిపోయాక ఎందుకక్కా అని హేమావతి అంటే, "మొదటి పండగకు కట్టుకుంటాది. అప్పుడు మీ వియ్యపురాలిని పిలిచి చూపించు" అందట. జనం మళ్లీ రావడం మొదలుపెట్టారు. చేయి చాచి చూడటం, నలపడం, ఎండ, అన్నీ మామూలైపోయాయి. అంగడి నిలబడింది.

రెండో కన్ను గొడవ అప్పుడే మొదలైంది. నెల తర్వాత రమ్మని డాక్టరు చీటీ రాసిచ్చాడు. ఆమె పోలేదు. పండగ రద్దీ అంది. తర్వాత పెళ్లిళ్ల కాలం అంది. ఆ తర్వాత కారణాలు చెప్పడం కూడా మానేసి, వద్దు అనేసింది.

భరత్‌కుమార్ పిలిస్తే నేను గుత్తి వెళ్లాను. అక్క అంగడి ముందు మెట్ల మీద కూర్చుని ఉంది. మధ్యాహ్నం, గిరాకీ లేదు. చేతిలో ఒక మీగడ రంగు గుడ్డ. ఒక కన్ను అరచేత్తో మూసుకొని చూసింది, తర్వాత రెండోది మూసుకొని చూసింది.

"ఈ కంటికి ఇట్ల, ఈ కంటికి అట్ల. ఏది నిజం రా?"

"కొత్తది. పాతదాని మీద పొర ఉండాది కదా."

"పొర లేనప్పుడు నాకు ఇట్లనే కనిపిస్తా ఉన్నిందా? గ్యాపకం లేదు."

"ఇట్లనే కనిపించి ఉంటాది."

"నాయన లేబుల్ ఎరుపు ఏ కంటికి కనిపించిందో ఇప్పుడు ఎవురు చెప్తారు" అంది. గుడ్డ మడిచి ఒళ్లో పెట్టుకుంది. "సమానం, జోడు అని చెప్పినావు గదా ఆ పొద్దు. నా ముఖంలో ఉండే రెండు కండ్లే జోడు కాకపాయె."

"అందుకే చెప్తాండా. ఆ కన్ను కూడా చేయించుకో. రెండూ సమానం అవుతాయి."

"వద్దు."

"భయమా?"

"భయమేముండాది. ఒక దాంట్లో పొడిచినారు కదా, నొప్పే లేకపాయె."

"మల్ల?"

"గమ్మునుండు రా. ఉన్నిచ్చు దాన్ని. అదేమన్నా అన్నం అడుగుతాందా?"

లోపలి నుంచి భరత్‌కుమార్ విని బయటికి వచ్చాడు. "చూడు మామా, ఇదీ వరస. మొన్న మెట్టు కనపడక జారింది. అడుగు లోతు తెలియదంట, రెండు కండ్లు రెండు రకాలుగా చెప్తాయంట. రేపు నడుము ఇరిగితే ఎవురు చేస్తారు?"

"నీ పెండ్లామే చేస్తాది. నువ్వు చేసేదేముండాది నడమ" అంది అక్క.

"పొర ముదిరితే చూపే రాదంటాడమ్మా డాక్టరు."

"రాకుంటే ఒక కంటితో బతుకుతా. మీ తాత చివర్లో ఒక కంటితోనే యాపారం చేసినాడు."

ఆమె చెప్పిన తాతకు, అంటే మా నాయనకు, చివరిదాకా రెండు కళ్లూ చక్కగా ఉండేవి. భరత్‌కుమార్ విసుగ్గా లోపలికి పోయాడు. అక్క గుడ్డ మళ్లీ చేతిలోకి తీసుకుంది.

తర్వాత నేను అడిగిన ప్రతిసారీ మాట మార్చింది. భయమే అనుకున్నాం. పైకి ఒప్పుకోదనుకున్నాం. భరత్‌కుమార్ భార్య మాత్రం పిసినారితనం అనేది, సంక్షేమ పథకంలో ఉచితంగా చేస్తారని తెలిసి కూడా. డాక్టరు ఫోను చేయడం మానేశాడు. అంగడి నడిచింది. ముసలివాళ్లు, వయసు పిల్లలు అందరూ వచ్చారు. రంగు కుదరలేదని ఎవరూ తిరిగి రాలేదు. అంతకు ముందు కంటే పేరు ఎక్కువైంది కూడా. పెద్ద వయసు ఆడవాళ్లు గుంపులుగా వచ్చేవారని, వాళ్లకు ఇంకెక్కడా నచ్చడం లేదనేవారని చాందిని తర్వాత చెప్పింది.

కర్మకాండ అయిపోయాక అంగడి తెరిచారు. చాందినికే అంగడి అప్పగించాలని భరత్‌కుమార్ నిర్ణయించాడు. ఆ రోజు నేనూ ఉన్నాను. తిప్పమ్మ తన మిషను అరుగు మీదికి తెచ్చుకొని, ఆగిపోయిన ఫాల్ పని మొదలుపెట్టింది. భరత్‌కుమార్ గోడకు అక్క ఫొటో తగిలిస్తూ, ఎవరితోనూ కాకుండా అన్నాడు.

"ఆ ఒక్క ఆపరేషనంటే అంత భయమెందుకో మాయమ్మకు."

"భయమా? ఆయమ్మకా?" తిప్పమ్మ దారం పంటితో తెంపింది. "ఆ కన్ను మా అసుంటోళ్ల కోసరం పెట్టుకోనున్నిందప్పా."

"అంటే?"

"వయసు పిల్లోళ్లు వస్తే ఎడం కన్ను మూసుకోని కుడి కంటితో చూసేది. ముసలోళ్లు వస్తే కుడిది మూసుకోని ఎడం దాంతో చూసేది. ఎండకు కన్ను చికిలిస్తాంది అనుకుంటారు చూసేవాళ్లు. నేనడిగినా ఒకసారి. 'కొత్త కంటితో చూసి నేను ఔనన్నది, నీకు ఇంటికాడ కాదనిపిస్తాది తిప్పీ. అద్దంలో చూసుకునేది నీ కన్నే గానీ నాది కాదు గదా' అనింది."

"మాకెందుకు చెప్పలేదు?" అన్నాడు భరత్‌కుమార్.

"చెప్తే మీరు ఒప్పుకుంటారా? ఎత్తకపోయి కోయించేవాళ్లు."

ఆమె మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. నాకు రెండు కళ్లకూ ఆపరేషన్ అయి చాలా కాలమైంది. తిప్పమ్మ కట్టుకున్నది ముదురు నీలం చీర. పైన వేసుకున్న రవిక ఊదా.

"ఇది కూడా ఆయమ్మ చూసిచ్చిందే సార్" అంది ఆమె, నేను చూస్తున్నది గమనించి. "ఎంత బాగా కలిసిందో చూడండి."